కత్తెర కూతురు

ముందుగదిలో కుట్టుమిషను నడుస్తూనే ఉంది. కాసేపు గబగబా పరిగెడుతుంది, అంతలో ఒక్కో కుట్టూ తడుముకుంటూ పోతుంది, మళ్ళీ పరిగెడుతుంది. చూపు సరిగా ఆనని మనిషి తొక్కుతున్న మిషను అది. ఆమె గోడవైపు తిరిగి పడుకుని, కళ్ళు మూసుకుని, నిద్రపోతున్నదానిలా ఊపిరి నిదానంగా తీసి వదులుతూ ఆ చప్పుడే వింటోంది. వెనకనుంచి అత్త చెయ్యి ఆమె భుజం మీద ఉంది. పొద్దున దొరికిన మేనత్త. అత్త అన్న మాట మనసులో అనుకోవడానికి కూడా ఇప్పుడు బెదురుగా ఉంది, కానీ ఆవిణ్ణి పిలవడానికి ఇంకో మాట లేదు, పొద్దుటినుంచీ అదే మాట, అత్తా నీళ్ళు, అత్తా చాలు, అత్తా నువ్వూ కూర్చో, పిలిచినకొద్దీ పిలవాలనిపించిన మాట. అన్నాలయ్యాక, అలిసిపోయుంటావు కాసేపు నడుం వాల్చమని ఈ లోపలి గదిలోకి తీసుకొచ్చింది, తలగడ దులిపి వేసింది, తనూ పక్కనే ఒరిగింది, నలభై దాటి జుట్టుకి రంగేసుకుంటున్న మనిషిని పాలు తాగే పిల్లని జోకొట్టినట్టు జోకొట్టింది. చెప్పాలి. మిషను ఆగేలోపు చెప్పాలి. అలా అనుకున్నప్పుడల్లా భుజం మీది చెయ్యి కొంచెం కదులుతుంది, ఆమె ఊపిరి ఇంకాస్త శ్రద్ధగా నిద్ర నటిస్తుంది.

బస్సు దిగినప్పుడు ఆమె అబద్ధమాడలేదు. ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళి వెతుక్కున్నా అక్కడ అబద్ధం కనపడదు. స్టాపు ఎదురుగా సెలూను, సెలూనతను ఒక పెద్దమనిషికి నురగ పూసి కత్తి నూరుకుంటున్నాడు. మా నాన్నది ఈ ఊరేనండీ, కుర్రతనంలో ఊరొదిలి వచ్చేశాడు, గాజు ఫ్యాక్టరీలో చేరాడు, పోయిన ఏడు కాలం చేశాడు, వాళ్ళవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూద్దామని వచ్చానంది. నాన్న పేరు కూడా చెప్పింది. కాయితాల మీద పేర్లు మాకెవరికి తెలుసమ్మా, ఇక్కడ అందరికీ పెట్టుడు పేర్లేనన్నాడు అతను, అని ఒక్క క్షణం ఆలోచించి, గాజు ఫ్యాక్టరీ అన్నారు కదూ, అయితే ఇంకెవరు, టైలరుగారి తమ్ముడే అన్నాడు. కత్తి పక్కన పెట్టేసి ముందు నడిచాడు. సగం గడ్డం గీయించుకున్న పెద్దమనిషి రెండో చెంప మీద నురగతోనే వెనకాల వచ్చాడు. దారిలో ఒకామె అరుగు దిగింది, ఇంకెవరో సైకిలు ఆపి ఎవరట ఎవరట అన్నారు. ఆమె అప్పుడు నవ్వింది కూడా, ఎందుకంటే పుట్టి బుద్ధెరిగాక తన కోసం ఒక వీధి కదలడం అదే మొదటిసారి. అత్తవారింట్లో ఏ పెళ్ళయినా ఏ చావయినా వందమంది, ఫలానా వాళ్ళ మనవడు, ఫలానా వాళ్ళ వేలువిడిచిన మేనమామ, వరస కలుపుకుంటూ పోతే సాయంత్రమయ్యేది, చివరికి ఎవరో ఒకరు ఆమె వైపు తిరిగి మీవైపు ఎవరూ రాలేదామ్మా అనేవారు, చెడ్డగా కాదు, మామూలుగానే. తన పెళ్ళి ఫొటోల్లో భర్త వెనక నాలుగు వరసలు, తన వెనక అమ్మా నాన్నా, నాన్న ఫ్యాక్టరీ మేస్త్రీ. ఆయన్ని ఫొటోగ్రాఫరే ఖాళీగా కనపడుతోందని పిలిచి నిలబెట్టాడు.

కాదు, అబద్ధం లేకపోవచ్చు, కానీ అక్కడే, ఈ ఇంటి గుమ్మం దగ్గరే ఒకటి జరిగింది. అత్త చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. సెలూనతను కేకేసి చెప్పగానే చేట ఒళ్ళోంచి జారిపోయింది, లేచి వచ్చి ఆమె మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది, మా చిన్నన్నయ్య ముక్కే, చూడండి, అదే నుదురు అంది, చుట్టూ ఉన్నవాళ్ళంతా అవునవునన్నారు, నురగ పెద్దమనిషి అయితే ఆ నిలబడ్డం కూడా అచ్చం అతనేనన్నాడు. ఆమె పని కట్టుడు పళ్ళు చేయడం. పళ్ళ డాక్టరు పంపిన అచ్చుల్ని బల్ల మీద పెట్టుకుని రోజంతా దవడలు చూస్తుంది. తండ్రీకొడుకుల అచ్చులు కలిసిపోయినా ఏ పై వరస ఎవరిదో, ఎవరికెవరు ఏమవుతారో చెప్పగలదు. అత్త అంత దగ్గరగా మొహం పెట్టి ఏడుస్తూ నవ్వుతుంటే ఆమె చూసింది, ఇరుకైన దవడ, ఒకదాని మీదకొకటి ఎక్కిన ముందు పళ్ళు. నాన్నది వెడల్పాటి నోరు, పళ్ళ మధ్య సందులు, తనదీ అంతే, తన కొడుకుదీ అంతే. చూసింది. చూసి, ఆవిడకి వాళ్ళమ్మ పోలిక వచ్చుంటుంది, నాన్నకి వాళ్ళ నాన్నది వచ్చుంటుందిలే అనుకుంది. అంత తొందరగా సర్దేసుకుంది. పనిలో అయితే అలా సర్దుకునేదా.

ఆ తర్వాత పెదనాన్న వచ్చాడు. పెదనాన్న అంటే అత్తకి పెద్దన్న, టైలరు, ఇప్పుడు కుట్టడం మానేశాడు, రెండు కళ్ళలోనూ పొర. గోడ పట్టుకుని వచ్చి, మెడలోంచి తీస్తున్నట్టు చెయ్యి పెట్టుకున్నాడు, అక్కడ టేపు లేదు. అలవాటు. ఆయన కోడలు లోపలికెళ్ళి టేపు వెతికి తెచ్చింది. సాయంత్రం బస్సుకి వెళ్ళాలంటున్నావు, ఒట్టి చేతుల్తో ఎట్లా పంపిస్తాను, ఒక జాకెట్టు కుట్టిస్తానన్నాడు. కుట్టిస్తానంటే ఎవరిచేతో అనుకున్నారంతా, కొలతలు తీసుకుంటుంటే అర్థమైంది. వేళ్ళతోనే టేపు మీది అంకెలు తడిమాడు, భుజం కొలుస్తూ భుజాలు వాడివే అన్నాడు, చెయ్యి కొలుస్తూ ఆగిపోయి, ఆమెకి మాత్రమే వినపడేలా అడిగాడు.

"మీ నాన్న నా గురించి ఏమన్నా అనేవాడామ్మా?"

వెళ్ళిపోయే ముందురోజు ఏదో గుడ్డ పాడుచేశాడని తమ్ముణ్ణి గజంబద్దతో కొట్టానన్నాడు. నలుగురి ముందూ కొట్టానన్నాడు. దానికి ఆమె, మా నాన్న ఎవర్నీ ఒక్క మాట అనేవాడు కాదు పెదనాన్నా, ఎవరి మీదా కోపం పెట్టుకోలేదంది. అది నిజం. తన నాన్న గురించి అది పచ్చి నిజం. ఆయన టేపు చుట్టుకుంటూ చాలాసేపు తల పైకెత్తలేదు, తర్వాత మిషను మీది గుడ్డ తీయించి, నూనె అడిగాడు. ఎలా పోయాడని అత్త అడిగితే అదీ చెప్పింది, తెల్లవారుజామున, నిద్రలోనే, నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు, బాధపడలేదని. అత్త ఏడ్చింది, కానీ ఎంత తేలికపడి ఏడ్చింది, కూతురి చెయ్యి పట్టుకుని పోయాడు, అదృష్టవంతుడు, పెళ్ళి చేసుకున్నాడు, మనవణ్ణి ఎత్తుకున్నాడు, మేమే ఊరికే ఏవేవో పీడకలలు కన్నామంది.

అప్పటికింకా ఆమెకి తెలియదు. తెలియకపోవడానికీ తెలియడానికీ మధ్య గీత ఎక్కడుందో ఆమెకి తెలుసు, అన్నం రెండోసారి వడ్డిస్తూ అత్త అన్న మాట దగ్గరుంది. అంత సన్నటి పొడుగు కాళ్ళు మా వంశంలోనే లేవు, వాడు నడుస్తుంటే ఊరంతా కత్తెర అనేవాళ్ళు, టైలరింటి కత్తెర అని నవ్వేవాళ్ళు, మీ నాన్న చెప్పలేదా అంది. ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నాన్నవి పొట్టి కాళ్ళు. తనతో ఊరొదిలిన స్నేహితుడిదంటూ నాన్న నోట ఆమె విన్న ఒకే ఒక్క పేరు కత్తెర. అత్త ఇంకా చెబుతూనే ఉంది, వాడితో ఎప్పుడూ ఇంకోడు తిరిగేవాడు, ఎవరూ లేని పిల్లాడు, మా నాన్నే చేరదీసి వెనక కొట్లో పడుకోనిచ్చాడు, కుట్టిన బట్టలకి ఇస్త్రీ చేసేవాడు, బొగ్గుల పెట్టె పట్టుకుని మొహమంతా మసి, బొగ్గు అనేవాళ్ళం, వాడూ అదే రోజుల్లో కనపడకుండా పోయాడు, ఎటు పోయాడో ఎవరూ పట్టించుకోలేదు, ఇంకొంచెం పులుసు పోయనా. పొయ్యమంది. పొయ్యమని అంది. నాన్న మణికట్టు మీద కాలిన మచ్చ ఫ్యాక్టరీ కొలిమిదనుకుంది ఇన్నాళ్ళూ. ఆమె బడికెళ్ళే చొక్కాలన్నీ ఆయనే ఇస్త్రీ చేసేవాడు, కాలరు వెనకనుంచి మొదలుపెట్టి, చేతులు మడిచి, ఒక్క ముడత లేకుండా, అమ్మ చేస్తానంటే ఇచ్చేవాడు కాదు. వేరు ఎక్కడుందా అని వెతుక్కుంటూ వస్తే వెనక కొట్టు దొరికింది. అది చాలు నిజానికి, దానికి సిగ్గేమీ లేదు, కొట్లో పడుకున్నవాడి కూతుర్నని అప్పుడే చెప్పేస్తే అందరూ నవ్వుకునేవాళ్ళు, అయ్యో మన బొగ్గు కూతురా అని ఇంకో ముద్ద పెట్టేవాళ్ళు. కానీ ఆ మాట చెబితే తర్వాతి ప్రశ్న వస్తుంది. మరి మావాడేడీ.

మావాడేడీ అంటే ఆమెకి తెలుసు. చివరి నెలల్లో నాన్నకి చేతులు వణికేవి, ఆమే గడ్డం గీసేది, గీస్తుంటే మొహం ఎటూ తిప్పుకోలేడు కాబట్టి కాబోలు అప్పుడే చెప్పేవాడు, ఒకరోజు ఒక ముక్క, ఇంకోరోజు ఇంకో ముక్క. ఇద్దరూ కలిసి ఒకే గదిలో ఉండేవాళ్ళు, ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని, గోడ ఎప్పుడూ వేడిగా ఉండేది. రెండో ఏడు వానాకాలంలో కత్తెరకి జ్వరం. మూడు రోజులు తగ్గలేదు. ఆ పొద్దున, ఇవాళ ఉండిపోరా అన్నాడట కత్తెర. నాన్న అప్పటికే ఒక పూట మానేశాడు, ఇంకో పూట మానేస్తే గేటు దగ్గర నిలబడ్డ వేరేవాణ్ణి లోపలికి తీసుకుంటారు. మధ్యాహ్నం వచ్చి చూసిపోతానన్నాడు. మధ్యాహ్నం రానివ్వలేదు. సాయంత్రం వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసే ఉంది, లోపల నీళ్ళ చెంబు దొర్లిపోయి ఉంది, కత్తెర మంచం మీద లేడు, గుమ్మానికి కొంచెం ఇవతల నేల మీద ఉన్నాడు. ఆ గుమ్మానికి కొంచెం ఇవతల అన్నప్పుడు నాన్న గొంతు ముడి ఆమె బ్లేడు కింద పైకి వెళ్ళి కిందికి దిగింది. వాళ్ళింట్లో చెప్పావా నాన్నా అనడిగింది. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను అన్నాడు. ఒకసారి బస్సెక్కాడట. ఊరొచ్చింది, బస్సు ఆగింది, కిటికీలోంచి తెలిసిన మొహాలు కనపడుతున్నాయి, దిగలేదు, చివరి స్టాపుదాకా వెళ్ళి అదే బస్సులో తిరిగొచ్చేశాడు. ఆమెకి అప్పుడు కొంచెం కోపం వచ్చింది. అంత పిరికితనమేమిటి, మనిషి పోయాడని చెప్పడానికి ఒక్క మాట కదా, మంచివాడే కానీ ఇదొక్కటీ ఇలా ఎందుకు చేశాడనుకుంటూ నురగ తుడిచింది.

ఒక్క మాట. ఇప్పుడా ఒక్క మాట ఆమె నోట్లో ఉంది, అన్నం దగ్గర్నుంచీ ఉంది, మింగలేకా ఉమ్మలేకా. నాన్న బస్సన్నా దిగలేదు. తను దిగింది, కూర్చుంది, తింది, పులుసు రెండోసారి పోయించుకుంది, చేతులు చాచి కొలతలిచ్చింది. చెప్పకపోతే ఏమవుతుందని ఒక ఆలోచన, చాలా తెలివైన ఆలోచన, ఇందాకటినుంచీ పక్కన కూర్చుని నచ్చజెబుతోంది. ఎవరికి నష్టం. వాళ్ళ చిన్నన్నయ్య అలా వేడి గోడ పక్కన పోవడం కన్నా, పెళ్ళి చేసుకుని, కూతుర్ని కని, ఎవరి మీదా కోపం లేకుండా కూతురి చెయ్యి పట్టుకుని పోవడమే నయం కదా. పొద్దున వాళ్ళు కత్తెరకి అంత బతుకు ఇచ్చారు, అది వెనక్కి లాక్కుని ఇరవై ఏళ్ళకే మళ్ళీ చంపాలా. సాయంత్రం బస్సు ఉంది. జాకెట్టు సంచిలో పెట్టుకుని, మళ్ళీ వస్తాను అత్తా అని ఎక్కేయడమే. ఏడాదికోసారి వచ్చిపోవచ్చు. కొడుకు పెళ్ళికి వీళ్ళు వస్తారు, రెండు వరసలు నిండుతాయి, మీవైపు ఎవరూ రాలేదామ్మా అని ఎవరూ అడగరు. అక్కడిదాకా వచ్చేసరికి తల కొట్టేసినట్టయింది. వాళ్ళ కోసం కాదు, ఆ వరసల కోసం. ఒకరింటి చావుని దాచి, తన పెళ్ళి ఫొటోలో ఖాళీ నింపుకుందామని చూస్తోంది. నాన్నకి కనీసం భయమే, ఆశ లేదు. ఒళ్ళంతా ఇరుకైపోయింది, భుజం మీది చెయ్యి కింద ఆ కాస్త చోటులో చర్మం మండుతున్నట్టుంది. ముందుగదిలో మిషను తడుముకుంటోంది, ఆగింది, దారం తెగిందేమో, ఆయన కోడల్ని పిలవకుండా తనే ఎక్కించుకుంటున్నాడేమో, ఎంతసేపయినా చప్పుడు లేదు, అయిపోయిందా అనుకుంది, అంతలో మళ్ళీ మొదలైంది.

"నిద్ర పట్టలేదు కదూ," అంది అత్త వెనకనుంచి. "నాకు తెలుస్తూనే ఉంది. మా చిన్నన్నయ్య కూడా ఇంతే, పడుకున్నట్టు నటించేవాడు."

ఆమె కళ్ళు తెరిచింది. ఎదురుగా గోడ, సున్నం పెచ్చు లేచిన చోట అడుగున పాత నీలం రంగు.

"ఒక్కసారన్నా ఇంటికి రావాలనలేదా తల్లీ? మా అమ్మ వాకిట్లోనే కూర్చునేది. వాడికి అన్నం ఎత్తిపెట్టి, చీకటి పడ్డాక తనే తినేది."

గోడవైపే ఉండి చెప్పింది. ఇటు తిరిగితే చెప్పలేకపోయేది. నేను కత్తెర కూతుర్ని కాదు అని మొదలుపెట్టింది. ఎలా చెప్పాలో అన్నం దగ్గర్నుంచీ కూడబెట్టుకున్న మాటలేవీ రాలేదు, ఏవో మొరటు మాటలే వచ్చాయి, నేను బొగ్గు కూతుర్ని, ఇద్దరూ కలిసే వెళ్ళారు, రెండో ఏడు జ్వరమొచ్చి ఆయన పోయాడు, ఆయనకి పెళ్ళి కాలేదు, పొద్దున నేను చెప్పిందంతా మా నాన్న గురించి, మీరు కత్తెర అనేదాకా నాకు తెలియదు, తెలిశాక కూడా చెప్పలేదు. భుజం మీది చెయ్యి వెంటనే పోలేదు. కొంతసేపు ఉంది, మర్చిపోయి వదిలేసిన వస్తువులా, ఆ తర్వాత మంచం కదిలింది, ఆవిడ లేచి కూర్చుంది. జుట్టు విప్పి ముడి వేసుకుంటున్న చప్పుడు.

"దగ్గర ఎవరున్నారు?"

ఉన్నాడని చెప్పొచ్చు. మా నాన్నే ఉన్నాడు, తల ఒళ్ళో పెట్టుకున్నాడు అనొచ్చు, ఎవరికి తెలుస్తుంది, ఇద్దరూ పోయారు. ఆ మాట పెదవుల దాకా వచ్చింది కూడా. కానీ ఈ ఇంట్లో ఇంకో అబద్ధం పెట్టి లేవడానికి ఆమెకి మొహం చెల్లలేదు.

"ఎవరూ లేరండీ. మా నాన్న పనిలోకి వెళ్ళాడు. ఉండమని అడిగాడట. వెళ్ళకపోతే పని పోతుందని వెళ్ళాడు. సాయంత్రం వచ్చేసరికి అయిపోయింది."

అండీ అన్న మాట ఇద్దరికీ వినపడింది. ఆమె లేచి, కాళ్ళు కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో తప్పుచేసిన పిల్లలా కూర్చుంది. ఏమన్నా అంటే బాగుండు, తిడితే బాగుండు. ఒక్క కబురు పంపలేకపోయాడా అంది చివరికి ఆవిడ, తిట్టినట్టు కాదు, లెక్క తేలని మనిషి తనలో తనే అనుకున్నట్టు. మా కొట్లో పడుకున్నవాడు, మా అమ్మ చేతి కూడు తిన్నవాడు. అవునండీ అంది ఆమె. నాన్న బస్సెక్కి దిగకుండా వచ్చేసిన సంగతి చెబుదామనుకుంది, చెబితే జాలి కోసం చెప్పినట్టుంటుందని మానేసింది. ఆవిడ లేచి మూలనున్న బిందెలోంచి నీళ్ళు ముంచుకుని మొహం కడుక్కుంది, కొంగుతో గట్టిగా తుడుచుకుంది, తలుపు దగ్గర ఆగి, ఆమె వైపు చూడకుండానే, రా అమ్మాయ్ అంది. తల్లీ అనలేదు.

ముందుగదిలో కోడలు గుమ్మం పక్కన కూర్చుని ఉంది. ఆయన మిషను మీదకి పూర్తిగా వంగి, ముక్కు సూదికి తగులుతుందేమో అన్నంత దగ్గరగా పెట్టుకుని, చేతి అంచు కుడుతున్నాడు. అన్నయ్యా, మిషను ఆపు అంది ఆవిడ. ఆయన ఆపలేదు, అయిపోయింది, ఈ ఒక్క అంచే అన్నాడు. ఆవిడ వెళ్ళి చక్రం మీద చెయ్యి వేసి ఆపింది. అలాగే చెయ్యి తీయకుండా చెప్పింది. చిన్నన్నయ్య ఇప్పుడు పోలేదు, ఎప్పుడో పోయాడు, వెళ్ళిన రెండో ఏడే, జ్వరంతో, ఈ అమ్మాయి వాడి కూతురు కాదు, బొగ్గు కూతురు, మనమే పొరబడ్డాం. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆయన సూది కింద ఉన్న గుడ్డని బొటనవేలితో ఒకసారి ఈ చివరినుంచి ఆ చివరికి రాశాడు, కుట్టు సరిగా పడిందో లేదో చూసుకునే మనిషిలా. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, పొద్దున ఇదే గుమ్మంలో చేతులు చాచి నిలబడింది. ఇప్పుడు తనవైపు తిరిగి, మరి పొద్దుటినుంచీ ఎందుకు చెప్పలేదని ఆయన అడుగుతాడు. అడగాలి. జవాబు లేకపోయినా అడిగితే చాలు. నా కోసం, మీరు కావాలనిపించి అని చెప్పేస్తుంది, అందరి ముందూ చెప్పేస్తుంది.

ఆయన అది అడగలేదు. పొరలు కమ్మిన కళ్ళు చెల్లెలి వైపు తిప్పి, చాలా నెమ్మదిగా అడిగాడు.

"పక్కన ఎవరన్నా ఉన్నారటా?"

ఆమె నోరు తెరిచింది. ఆవిడ అప్పటికే మాట్లాడుతోంది.

"బొగ్గు ఉన్నాడు అన్నయ్యా. పనికి కూడా పోకుండా పక్కనే కూర్చున్నాడంట. వాడి చేతుల్లోనే పోయాడంట."

మాట ఎక్కడా తొణకలేదు. ఆయన తల ఊపాడు, ఇంకోసారి ఊపాడు, భుజాలు కొంచెం కిందికి దిగాయి. అయితే ఒంటరిగా పోలేదన్నమాట అన్నాడు. ఆ తర్వాత మిషను పట్టుకుని లేచి, గుమ్మంలో ఎక్కడ నిలబడి ఉందో వెతుక్కుంటూ ఆమె వైపు తిరిగి, రెండు చేతులూ జోడించాడు.

"నీ తండ్రి మా తోడబుట్టినవాడికన్నా ఎక్కువమ్మా," అన్నాడు.

ఆ జోడించిన చేతుల మీదుగా ఆవిడ ఆమెనే చూస్తోంది. ఆ చూపులో దయ లేదు, కోపమూ లేదు, నేను మొయ్యాల్సింది నేను మోశాను, ఇక నీ వంతు అన్నట్టుంది. ఆమె తల వంచుకుని, ఆ నమస్కారాన్ని తీసుకుంది.